పలక మీద మిగిలిన పేరు

మా సోషల్ సార్ పోయారన్న వార్త నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురి మాటా ఒకదానితో ఒకటి కలవలేదు. మొదట ఫోన్ చేసిన పాత విద్యార్థి తెల్లవారుజామున నిద్రలోనే పోయారన్నాడు. రెండో అతను ఒంగోలు తీసుకుపోతుంటే కారులో పోయారన్నాడు. మూడో అతను మాత్రం ముందు రోజు సాయంత్రమే పోయినట్టు, దండ వేసిన ఫొటో కింద తేదీతో సహా మా బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముప్పై ఏళ్లుగా విలేకరి పని చేస్తున్నాను. చెప్పులేసుకొని మార్కాపురంలో వాళ్ల ఇంటికి పోయాను. ఆయన కోడలు వాకిట్లోనే ఉంది. పొద్దున ఏడున్నరకు ఉప్మా తిన్నారనీ, ప్లేటు ఆమె చేతికిచ్చారనీ, కుర్చీలో వెనక్కి వాలారనీ, అంతేననీ చెప్పింది.

"నేనే చూసినా అన్నా," అంది.

అప్పుడు నమ్మాను. ఎవరు ఏ వార్త చెప్పినా సార్ అడిగే మొదటి ప్రశ్న అదే. "ఎవరు చూసినారు?"

వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన పుట్టిన తేదీ జులై ఒకటి అని ఉంది. అది బడిలో చేర్చుకున్న అయ్యవారు తోచినట్టు రాసిన తేదీ. మా తరం దాకా సగం మంది జులై ఒకటినే పుట్టాం. ఒకసారి ఆ మాట వస్తే సార్ అన్నారు: "నా పుట్టుకకు సాక్షి లేడురా. మా యమ్మ ఆడనే ఉండాది గానీ, నొప్పులకు కండ్లు మూసుకోనుండాదంట."

మధ్యాహ్నం గుండ్లకమ్మ ఏటి ఒడ్డున దహనం చేశారు. మూడో రోజు బూడిద ఆ నీళ్లలోనే కలిపారు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇది చదివేవారిలో చాలామంది ఉంటారు. కర్ర పట్టకుండా పాఠం చెప్పిన సార్‌గా ఆయన వాళ్లకు గుర్తు. ఆయన గురించి నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది. కాబట్టి నేనే రాయటం న్యాయం.

మేం పదో తరగతిలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చింది. పుస్తకంలో యూరప్ నిర్బంధ శిబిరాల గురించి ఒక పేరా, ఒక ఫొటో ఉన్నాయి. సార్ ఆ పేరా చదివి ఆగారు. హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. హనుమంతునిపాడు అవతల ఒక పల్లె వాళ్లది. కూలి చేసుకునే కిరస్తానీ కుటుంబం.

"సార్, మా తాత గూడా ఆ యుద్ధంలోనే శిబిరంలో పోయినాడంట. ఈడ రాయలేదు."

వెనక బెంచీ నుంచి ఒకడన్నాడు: "మీ తాతేమన్నా రాజానా, పుస్తకంలో రాసేదానికి?"

అందరం నవ్వాం. సార్ నవ్వలేదు.

"ఏ శిబిరం తల్లీ?"

"తెలీదు సార్."

"పోయినాడని ఎవరు చూసినారు?"

"ఎవురూ చూడలేదు సార్. మా జేజి ఇంకా గాజులు తీయలేదు."

"సరే, కూర్చో. కనుక్కుందాం," అన్నారు సార్.

ఆ "కనుక్కుందాం" ముప్పై ఎనిమిదేళ్లు నడిచింది.

ఆయన మొదట తెలుసుకున్నది ఇది. ఆ యుద్ధం రోజుల్లో మా మెట్ట తాలూకాల నుంచి చాలామంది పేదవాళ్లు సైన్యంలో పార, గునపం పట్టే పటాలాల్లో చేరారు. కొందరిని ఓడల్లో సింగపూర్ తీసుకుపోయారు. సింగపూర్ జపాన్ చేతిలో పడ్డాక వాళ్లు ఖైదీలయ్యారు. ఖైదీలను మళ్లీ ఓడల్లో ఎక్కించి న్యూగినియా వైపు దీవులకు తోలారు. అక్కడి శిబిరాల్లో విమానాల మైదానాలు చదును చేయించారు, మందుగుండు మోయించారు, తిండి పెట్టలేదు. యుద్ధం అయిపోయాక వెనక్కి వచ్చినవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్ల ఇళ్లకు "జాడ తెలియటం లేదు" అన్న ఒక్క కాగితం వచ్చింది. కొన్ని ఇళ్లకు అదీ రాలేదు.

సార్ ఉత్తరాలు రాయటం మొదలుపెట్టారు. సైన్యం పాత రికార్డుల ఆఫీసుకు రాశారు. విదేశాల్లో యుద్ధ సమాధులు చూసుకునే ఆఫీసుకు రాశారు. ఇంటర్నెట్ వచ్చాక బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చునేవారు. సెలవుల్లో సైకిలు మీద, తర్వాత బస్సుల్లో, పల్లెలు తిరిగి చర్చిల్లో బాప్తిస్మం పుస్తకాలు చూసేవారు. ఆయన హిందువు. ఒక పల్లెలో పాస్టరు, "మీరు మాలో కలుస్తారా సార్?" అని ఆశగా అడిగితే, "మీ బీరువాలో చెదలు కలుస్తా ఉండాయి, ముందు వాటిని ఆపండి," అన్నారు.

ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, బలపం ఉండేది. గుడ్డసంచిలో చెక్క చట్రం పలక. ఏ పేరు దొరికినా ముందు పలక మీదే రాసేవారు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయని రెండు రికార్డులు కలిసినప్పుడే ఆ పేరు నోటుపుస్తకంలోకి ఎక్కేది. లేకపోతే తడిగుడ్డతో తుడిచేసేవారు. ఎందుకిదంతా అని నేను అడిగితే చెప్పిన మాట నాకు వృత్తిలో చాలాసార్లు పనికొచ్చింది.

"పలక మీద రాసింది తుడిస్తే పోతాది. కాగితం మీద రాసింది కొట్టేస్తే పోతాది. మనిషికి చెప్పింది ఏం చేసినా పోదు. అందుకని ముందు పలక మీద రాయి."

టీ దుకాణంలో ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. దుకాణం మస్తాన్ భాయ్ గ్లాసు చేతికిచ్చి, "సార్, మీరు టీ తాగినట్టు నేనొక్కణ్ణే చూసినా. రెండో సాక్షిని పిలవమంటారా?" అనేవాడు. "నువ్వు టీ పోసినట్టు ముందు రుజువు చెయ్యి మస్తానూ, ఇది వేణ్ణీళ్ల మాదిరుండాది," అనేవారు సార్.

కాగితాలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. అదే ఆయన పని. ఒకే మనిషి ఒక జాబితాలో ఓడ మునిగి పోయాడు, ఇంకో జాబితాలో ఏడాది తర్వాత శిబిరం ఆస్పత్రిలో పోయాడు. కిరస్తానీ పల్లెల్లో పది పేర్లే వంద మందికి ఉంటాయి. ఇంటిపేరు రాసే గుమస్తా ఉండడు. దానికి తోడు జిల్లాలు. ఇప్పుడంతా ప్రకాశం అంటున్నాం గానీ అప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లా. హనుమంతునిపాడు వైపు కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా. "ఊర్లు కదల్లేదురా, జిల్లాలే కదిలినాయి," అనేవారు.

ఒకసారి శిబిరంలో చనిపోయినవాళ్ల జాబితా నకలు వచ్చింది. పేజీల నిండా ఒకే చేతిరాత, చావుకు కారణం గడిలో ఒకే మాట, బెరిబెరి, సరైన తిండి లేక వచ్చే జబ్బు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా అదే. సార్ దాన్ని నాకు చూపించారు.

"అన్నం పెట్టక చంపినారని రాసేదానికి ఈ కాగితంలో గడి లేదు," అన్నారు.

క్లాసులో లేచి నిలబడిన అమ్మాయి తాత పేరు దేవదానం. తండ్రి పేరు యోహాను. ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు. ఆమె తల్లి, అంటే దేవదానం కూతురు, అమ్మ కడుపులో ఉండగానే దేవదానం పటాలంలో చేరాడు. తండ్రి ముఖం ఆమె చూడలేదు. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. దేవదానం భార్య గాజులతోనే బతికి, గాజులతోనే పోయింది. పోయాడన్న కాగితం రాలేదు కాబట్టి తీయలేదు.

వాళ్ల ఊళ్లో ఈస్టర్ రోజు తెల్లవారకముందే అందరూ సమాధుల దగ్గరికి పోతారు. ముందు రోజే సున్నం కొట్టి ఉంచుతారు. ఎవరి మనిషి తల దగ్గర వాళ్లు కొవ్వొత్తి పెడతారు. పెద్దమ్మ వాళ్లమ్మ సమాధికి తల వైపు ఒకటి, కాళ్ల వైపు ఒకటి పెట్టేది. కాళ్ల వైపుది నాయనది. ఆయనకు సమాధి లేదు కాబట్టి అమ్మ దగ్గరే ఇంత చోటు.

పదకొండేళ్ల కిందట సార్‌కు ఒక కొత్త కాగితం వచ్చింది. యుద్ధం ముగిశాక దీవుల నుంచి ఖైదీలను మద్రాసు తీసుకొచ్చిన ఓడ జాబితా, టైపు చేసిన నకలు. అందులో ఉంది: దేవదానం, తండ్రి యోహాను, పెద్దమ్మ వాళ్ల ఊరు, కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా.

చనిపోయినవాళ్ల జాబితాలో ఒక దేవదానం అంతకుముందే ఉన్నాడు. అతని తండ్రీ యోహానే. కానీ అతని ఊరు మార్కాపురం తాలూకాలోది, కర్నూలు జిల్లా. ఆ పేరును సార్ చాలా ఏళ్ల కిందటే చూసి పక్కన పెట్టారు. జిల్లా వేరు, తాలూకా వేరు, ఊరు వేరు. ఇద్దరు మనుషులు. ఒకరు శిబిరంలో పోయారు, ఒకరు ఓడెక్కి వచ్చారు.

ఆ రోజు సార్ నా ఆఫీసుకు నడుచుకుంటూ వచ్చారు. అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. "బండి తియ్యరా. ఒకడు బతికినాడు," అన్నారు.

"పలక మీద రాశారా సార్?" అని అడిగాను.

"రాసినా, రాసినా. పద."

రాశారు. నోటుపుస్తకంలోకి ఎక్కించలేదు. రెండో రికార్డు కోసం ఆగలేదు. అన్నేళ్లలో ఆయన ఆ నియమం తప్పింది అదొక్కసారే.

పెద్దమ్మకు ఇంటి ముందే చెప్పాం. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. 

"వచ్చినాడా?"

"వచ్చినాడక్కా. మద్రాసులో దిగినాడు," అన్నారు సార్. ఆయన తనకన్నా అయిదారేళ్లు పెద్దదైన ఆమెను అక్కా అనేవారు.

"దిగి?"

ఆ ప్రశ్న వస్తుందని సార్ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. మేం మంచివార్త తెచ్చామనే అనుకున్నాం.

"దిగి యాడికి పోయినాడు సారూ? మా యమ్మ అప్పుడు ఈడనే ఉండె గదా," అందామె.

మరుసటి రోజు ఆ వార్త నేను రాశాను. జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌లు. శిబిరం నుంచి బతికి వచ్చిన మన జిల్లా మనిషి. రాసిన ప్రతి ముక్కకూ నా దగ్గర కాగితం ఉంది. పెద్దమ్మ అడిగిన ప్రశ్న మాత్రం రాయలేదు. దానికి కాగితం లేదు.

ఊరు ఆ ప్రశ్నకు జవాబు తానే చెప్పుకుంది. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే, "మద్రాసు దాకా వచ్చినోడికి కనిగిరి దారి తెలీలేదంటనా?" అన్నారు. "ఆడ ఇంకో సంసారం పెట్టుంటాడులే, తెల్లపిల్ల దొరికిందేమో," అన్నారు. చర్చిలో వెనక వరసలో నవ్వుకున్నారు. ఈ సంగతులు నాకు పెద్దమ్మ కూతురు, నా క్లాస్‌మేట్, తర్వాత ఫోన్లో చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది.

"అన్నా, ఈసారి ఈస్టర్‌కు మా యమ్మ కొవ్వొత్తి ఒకటే పెట్టింది."

ఆ మాట నేను సార్‌కు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. సార్ విని, "నిజం చెప్తే మేలు జరుగుతాదని ఎవరూ అనలేదు గదా," అన్నారు. అప్పటికి అది నిజమనే ఆయన నమ్మకం.

ఏడేళ్లు గడిచాయి. సార్ మార్కాపురం తాలూకాలో ఒక పల్లె చర్చిలో వేరే పేరు కోసం బాప్తిస్మం పుస్తకం చూస్తున్నారు. పుస్తకం అంచులు చెదలు తిన్నాయి. అందులో ఒక వరసలో దేవదానం, తండ్రి యోహాను అని ఉంది. చనిపోయినవాళ్ల జాబితాలో ఉన్న ఊరు అదే. ఆ వరసలో చివరి గడి, తండ్రి ఊరు. అక్కడ పెద్దమ్మ వాళ్ల ఊరి పేరు రాసి ఉంది.

మనకు తొలికాన్పు పుట్టింట్లో. దేవదానం తల్లిది ఆ మార్కాపురం పక్క పల్లె. కొడుకును అక్కడ కన్నది, అక్కడే బాప్తిస్మం ఇప్పించింది, తర్వాత ఎత్తుకొని మొగుడి ఊరికి పోయింది. పటాలంలో చేరినప్పుడు ఒక గుమస్తా ఎక్కడ పుట్టావని అడిగాడు, ఇంకో గుమస్తా ఎక్కడ ఉంటావని అడిగాడు. దేవదానం రెండింటికీ నిజమే చెప్పాడు. రెండు జిల్లాలు, రెండు తాలూకాలు, రెండు ఊర్లు. మనిషి ఒక్కడే.

సార్ ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పారు. గొంతు మామూలుగానే ఉంది.

"నన్ను గూడా మా యమ్మ వాళ్ల పుట్టింట్లోనే కన్నది. నీ పెండ్లాం గూడా కాన్పుకు వాళ్లమ్మింటికే పోయింది. ఈ సంగతి తెలీనోడు ఈ దేశంలో ఉండాడా? నాకు తోచలేదురా."

ఒక్కడే అయితే ఒక జాబితాలో చనిపోయినవాడు ఇంకో జాబితాలో ఓడెక్కటం కుదరదు. సార్ ఓడ జాబితా అసలు ప్రతి ఫొటో కావాలని రాశారు. రెండేళ్లు పట్టింది. వచ్చాక చూశాం. ఖైదీలు పట్టుబడినప్పటి పాత జాబితానే ఓడ కోసం టైపు చేశారు. ఓడెక్కినవాళ్ల పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టారు. తర్వాతెప్పుడో నకలు తీసినవాడు పేర్లన్నీ టైపు చేశాడు, టిక్కులు వదిలేశాడు.

ఆ పేజీలో టిక్కులున్న పేర్లు తక్కువ. దేవదానం పక్కన టిక్కు లేదు.

మళ్లీ బండి మీద పోయాం. పెద్దమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. మా క్లాస్‌మేట్ కుర్చీ తెచ్చి వేసింది. సార్ కుర్చీలో కూర్చోలేదు, కింద అరుగు మీద కూర్చున్నారు.

"అక్కా, అప్పుడు నేను చెప్పింది తప్పు."

"ఏది సారూ?"

"మీ నాయన ఓడెక్కలేదు. మద్రాసు రాలేదు. ఆ దీవిలో, శిబిరంలోనే పోయినట్టుండాడు. ఇదిగో కాగితం."

ఆమె కాగితం వైపు చూడలేదు. చాట ఆపలేదు.

"అప్పుడు గూడా కాగితమే తెచ్చినావు గదా సారూ."

"అది నకలక్కా. ఇది అసలుది."

"రేపు దీని మింద ఇంకో అసలుది దొరికితే?"

ఆమె చాట పక్కన పెట్టింది.

"తొమ్మిదేండ్లు తిట్టినా సారూ మా నాయన్ను. పొద్దున ప్రార్థనలో దేవునికి చెప్పి మరీ తిట్టినా. మా యమ్మను గూడా తిట్టినా, ఎవురి కోసరమే నీ గాజులు అని. సమాధి కాడ నిలబడి అన్నా ఆ మాట. ఇప్పుడు ఆయన బువ్వ లేక చచ్చినాడని చెప్తాండావు. ఆ తిట్లన్నీ యాడ పెట్టేది నేను?"

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఎవరో ఒకరం ఏదో ఒకటి చేసేవాళ్లం. కాసేపటికి ఆమె కూతురితో, "సార్‌కు మజ్జిగియ్యి. ఎండనబడి వచ్చినాడు," అంది. సార్ మజ్జిగ తాగారు. ఉప్పు లేదు. తాగి, గ్లాసు తానే కడిగి పెట్టారు.

తిరిగి వస్తూ ఒకచోట బండి ఆపమన్నారు. ఎందుకో అనుకున్నాను. దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు.

"చచ్చినోళ్ల పేర్లు రాసి రాసి, ఒక్కడన్నా బతకనీ అనుకున్నానురా. తప్పు ఆడ పడింది. ఆమెకు చెప్పాలని కాదు ఉరికింది. నాకు కావాల్సొచ్చింది."

నేను సవరణ రాశాను. లోపలి పేజీలో, కింద, ఆరు పంక్తులు వచ్చింది. మొదటి వార్త నాలుగు కాలమ్‌లు. బోరింగు దగ్గర మాట్లాడినవాళ్లలో ఆ ఆరు పంక్తులు చదివినవాళ్లు ఎవరూ నాకు ఇప్పటిదాకా తగల్లేదు. ఆ ఏడు ఈస్టర్‌కూ పెద్దమ్మ కొవ్వొత్తి ఒకటే పెట్టింది. తర్వాతి ఏడూ అంతే.

సార్ ఆ రెండేళ్లలో ఉత్తరాలు మానేశారు. నెట్ సెంటర్‌కు పోలేదు. టీ దుకాణంలో మస్తాన్ భాయ్ సాక్షి మాట ఎత్తినా నవ్వి ఊరుకునేవారు. నేను పోయినప్పుడల్లా పలక ఆయన మంచం పక్క గోడకు ఆనించి ఉండేది. దాని మీద దేవదానం, తండ్రి యోహాను. దాని కింద రెండు ఊర్ల పేర్లు.

"నోటుపుస్తకంలో ఎక్కించొచ్చు కదా సార్?" అన్నాను ఒకసారి. "చనిపోయినవాళ్ల జాబితాలో ఉన్నాడు. ఓడ జాబితాలో టిక్కు లేదు. రెండు రికార్డులు."

"టిక్కు లేకపోవడం రికార్డు కాదురా. పెట్టేవాడు మర్చిపోయినాడేమో. లేనిదాన్ని ఎవరు చూసినారు?"

"అయితే తుడిచేయండి."

"తుడిస్తే ఇంకా ఎవరికి గుర్తుంటాడు?"

తప్పు ఒప్పుకుంటే బరువు తగ్గుతుందని నేను చాలాసార్లు రాశాను, ఉపన్యాసాల్లో కూడా చెప్పాను. ఆయన విషయంలో తగ్గలేదు. ఆ మాట ఇక రాయను.

పెద్దకర్మ అయ్యాక ఆయన కోడలు పలక తెచ్చి నా చేతికిచ్చింది. "తుడిచి పిల్లోళ్లకిద్దామనుకున్నా అన్నా. మనసు రాలేదు. ఎవురిదో పేరు రాసుండాది." రాత చెరగకుండా రెండు అట్టల మధ్య పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని ఉంచుకునే హక్కు నాది కాదు. ఈస్టర్ ఇంకా నెల ఉంది.

ఈస్టర్ రోజు చీకటితోనే ఆ ఊరు చేరాను. సమాధుల తోటలో జనం అప్పటికే ఉన్నారు. ఊరికి పడమర బోడి దిబ్బ అది, గాలి ఎక్కువ. పెద్దమ్మకు ఎనభై దాటాయి. కూతురి భుజం పట్టుకొని నడుస్తోంది. నన్ను గుర్తుపట్టింది.

"నాయనా, సార్ పోయినాడంట గదా. మా పాప చెప్పింది."

"పోయినాడు పెద్దమ్మా."

"యాడ పెట్టినారు?"

"పెట్టలేదు. గుండ్లకమ్మ కాడ కాల్చినారు. బూడిద నీళ్లలో కలిపినారు."

"అయితే సమాధి లేదా?"

"లేదు."

ఆమె వాళ్లమ్మ సమాధి తల దగ్గర కూర్చొని ఒక కొవ్వొత్తి వెలిగించి, మైనం కార్చి నిలబెట్టింది. తర్వాత నేల మీద చేయి ఆనించి, మెల్లగా కాళ్ల వైపు జరిగింది. కొంగు ముడి విప్పి రెండో కొవ్వొత్తి తీసింది. నా క్లాస్‌మేట్ నా వైపు చూసింది. పదకొండేళ్ల తర్వాత రెండోది.

ఇప్పటికైనా నమ్మిందని అనుకున్నాను. సంతోషం కూడా కలిగింది, దాచుకోను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీ నాయనకా పెద్దమ్మా?"

"కాదు. సార్‌కి."

వత్తి సరిచేస్తూ మళ్లీ అంది.

"మా నాయన వచ్చినాడనీ కాగితమే చెప్పె, రాలేదనీ కాగితమే చెప్పె. ఏది నమ్మేది నాయనా? ఆయన మొగం నేనెరగను. సార్ రెండుసార్లు వచ్చినాడు. తప్పయిపోయిందని చెప్పేదానికి ఎండలో వచ్చినాడు. అది నేను చూసినా."

అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీసింది, అదీ ఆరింది. చేయి అడ్డం పెట్టింది గానీ వేళ్ల సందుల్లోంచి గాలి దూరుతోంది. నా చంకలో ఉన్న అట్టలు చూసి, "అదేంది? ఇట్లియ్యి, గాలికి అడ్డం పెడతా," అంది.

అట్టలు తీసి పలక ఇచ్చాను.

"పెద్దమ్మా, ఇది సార్‌ది. దీని మీద మీ నాయన పేరుంది."

ఆమెకు చదువు రాదు. పలకను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకవైపు రాత ఉంది, ఒకవైపు లేదు. 

"ఉండనీ," అంది.

పలకను గాలి వచ్చే వైపు మట్టిలో గుచ్చి నిలబెట్టింది, రాసిన వైపు లోపలికి పెట్టి. అగ్గిపుల్ల మళ్లీ గీసింది. ఈసారి కొవ్వొత్తి అంటుకుంది, నిలిచింది. నేను నిలబడ్డ చోటి నుంచి పలక వెనకవైపే, నల్లగా, కనిపిస్తోంది. పేరు అవతలి వైపు ఉంది, సార్ కొవ్వొత్తికి ఎదురుగా, జానెడు దూరంలో.